నాన్నకి ఎదురుగా చెప్పలేని మాట

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోన్‌లో పెద్దాడు "ఈ మాట నాన్నతో చెప్పాలంటే టెన్షన్ తాతయ్యా" అన్నాడు. ఉత్తరం రాయరా అంటే నవ్వాడు, ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేంటని. అందుకే చెల్లికీ కలిపి ఈ సంగతి రాస్తున్నాను.

అలహాబాదులో మోతీలాల్ నెహ్రూ పేరున్న లాయరు. ఆయన కోపానికి ఇల్లంతా హడలేది. కొడుకు జవాహర్‌లాల్ ఐదారేళ్ల వయసులో నాన్న బల్ల మీద రెండు ఫౌంటెన్ పెన్నులు చూశాడు. ఒకే మనిషికి రెండెందుకులే అని ఒకటి తీసుకున్నాడు. ఇల్లంతా వెతుకుతుంటే భయంతో నోరు విప్పలేదు. చివరికి దొరికిపోయాడు. ఆ దెబ్బలకి కొన్ని రోజులపాటు ఒంటికి మందు రాయాల్సి వచ్చిందని పెద్దయ్యాక ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నారు.

1905లో, పదిహేనేళ్లప్పుడు, ఆ పిల్లాణ్ణి ఇంగ్లండులో హారో స్కూల్లో చేర్చారు. ఉత్తరాలు ఓడల మీద వచ్చే కాలం. ఒకటి రాస్తే దానికి జవాబు చేతికందడానికి నెల రోజులైనా పట్టేది. రైట్ సోదరులు గాల్లోకి లేచి అప్పటికి కొన్నేళ్లే. విమానాల కబుర్లు వింటూ అతను ఇంటికి ఒక ఉత్తరం రాశాడు: త్వరలో నేను శని, ఆదివారాలకి విమానంలో వచ్చి మిమ్మల్ని చూసి వెళ్లవచ్చేమో, అని.

అందులో నాకు విమానం కన్నా బెంగే ఎక్కువ కనిపిస్తుంది. బెంగగా ఉందని మగపిల్లాడు నాన్నకి నేరుగా రాయడు. మీ నాన్న మస్కట్‌లో ఉన్నప్పుడు రాసిన నీలం ఏరోగ్రాములు నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. పని గురించి రెండు ముక్కలు, డబ్బు గురించి ఒక ముక్క. చివర్లో ప్రతిసారీ, పెరట్లో మామిడి కాసిందా అని అడిగేవాడు. చదివి మీ నానమ్మ కాసేపు మాట్లాడేది కాదు.

మళ్లీ నెహ్రూ సంగతికి వస్తాను. 1907లో కేంబ్రిడ్జి చేరాడు. ఆ ఏడాది చివర్లో సూరత్‌లో కాంగ్రెస్, ప్రభుత్వంతో మెత్తగా నడుద్దామనే మితవాదులు, గట్టిగా పోరాడదామనే అతివాదులుగా చీలింది. తండ్రి మితవాది, కొడుకు మనసు అతివాదుల నాయకుడు తిలక్ వైపు. తండ్రి రాజకీయాల మీద చిరాకు పుట్టి, మీరు చేస్తున్న పనికి బ్రిటిష్ ప్రభుత్వం ఎంతో సంతోషిస్తూ ఉంటుంది అన్న అర్థం వచ్చేలా రాసేశాడు. పెన్ను తీశానని కూడా చెప్పలేకపోయిన పిల్లాడే!

మోతీలాల్‌కి ఒళ్లు మండిపోయింది. చదువు మాన్పించి వెంటనే వెనక్కి రప్పిద్దామా అన్నంత కోపం వచ్చింది. కానీ రప్పించలేదు. నాకు తోచేది ఇది. ఎదురుగా అని ఉంటే ఆ మాట అక్కడికక్కడే తగవైపోయేది. కాగితాన్ని మడిచి పక్కన పడేయవచ్చు, కోపం దిగాక మళ్లీ విప్పి చదవవచ్చు. అయితే ఒకటి, పెద్దాడా. ఆ ఉత్తరంలోని ఎత్తిపొడుపు నాకు నచ్చదు. అభిప్రాయం చెప్పడానికి నాన్న మనసు గాయపరచక్కర్లేదు. అతను మితవాదం తప్పని రాసి ఊరుకున్నా సరిపోయేది.

1912లో బారిస్టరై తిరిగొచ్చాడు. ఇద్దరి మధ్యా వాదనలు తెగలేదు. కానీ ఇంతలో పెద్దాయనే మారుతూ వచ్చారు. 1920లో గాంధీగారి పిలుపు విని, అంత సంపాదన ఉన్న ప్రాక్టీసు వదిలేశారు. 1921 డిసెంబరు 6న తండ్రినీ కొడుకునీ ఒకే రోజు అరెస్టు చేశారు. లక్నో జైల్లో ఇద్దరూ ఒకే షెడ్డులో ఉన్నారు. రోజూ పొద్దున్నే కొడుకు లేచి ఆ షెడ్డంతా ఊడ్చి కడిగేవాడు. తన బట్టలతో పాటు నాన్న బట్టలు కూడా ఉతికి, తర్వాత రాట్నం ముందు కూర్చునేవాడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య