ఇచ్ఛాపురం నుంచి హిందూపురం ఎంత దూరం?

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

హిందూపురం నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. మన ఇచ్ఛాపురానికి ఫోనులో ఒకచోట 965 కిలోమీటర్లనీ, మరోచోట దాదాపు 1,200 అనీ ఉందని, రెండింటిలో ఏది తప్పని అడిగారు. రెండూ ఒప్పే. మొదటిది సూటి దూరం, రెండోది రోడ్డు దూరం.

సూటి దూరాన్ని మీరే లెక్కకట్టవచ్చు. రెండు ఊళ్ళ అక్షాంశాల తేడా సుమారు 5.3 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 588 అవుతుంది. రేఖాంశాల తేడా 7.2 డిగ్రీలు; భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి వచ్చేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కనుక, మన ప్రాంతంలో డిగ్రీకి 107 చొప్పున వేసుకుంటే 770 వస్తుంది. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజపు భుజాలుగా తీసుకుని కర్ణం కట్టండి. నాలుగైదు కిలోమీటర్ల తేడాతో 965 వచ్చి తీరుతుంది.

మీ ఉత్తరం చదివాక, అమ్మమ్మ కుట్టుపెట్టెలోని ఎర్రదారం తీసి, గోడమీది పటంలో రెండు ఊళ్ళ దగ్గరా గుండుసూదులు గుచ్చి బిగించి కట్టాను. అది విజయనగరం, రాజమహేంద్రవరం, తెనాలి, అద్దంకి, ప్రొద్దుటూరులకు చేరువగా పోయింది. తరువాత అదే దారాన్ని వదులు చేసి రోడ్డు వెంట పరిచాను. చాలలేదు, ఇంచుమించు నాలుగో వంతు దారం అదనంగా కావలసివచ్చింది.

ఎందుకంటే నదిని ఎక్కడ పడితే అక్కడ దాటలేము, వంతెన ఉన్నచోటికి రోడ్డు పోవలసిందే. 16వ నంబరు జాతీయ రహదారి పలాస, శ్రీకాకుళం, విశాఖపట్నం, తుని మీదుగా తీరానికి దగ్గరగా వచ్చి, రావులపాలెం దగ్గర గౌతమిని, సిద్ధాంతం దగ్గర వసిష్ఠను, విజయవాడలో కృష్ణను దాటుతుంది. అక్కడినుంచి అనంతపురం వైపు మళ్ళితే నల్లమల అడ్డం వస్తుంది. కొండ ఎక్కే రోడ్డు మెలికలు తిరగకుండా ఎక్కలేదు.

విమానంలోనైతే 965 కిలోమీటర్లే కదా అని పెద్దవాడు రాశాడు. అక్కడే పొరపాటుంది నాయనా. మన రెండు ఊళ్ళలో ఒక్కదానికీ విమానాశ్రయం లేదు. ఇక్కడినుంచి విశాఖకు రోడ్డుమీద సుమారు 250, విశాఖ నుంచి బెంగళూరుకు సూటిగా సుమారు 775, దేవనహళ్ళిలో దిగి మీ ఊరికి మళ్ళీ రోడ్డున 75. మొత్తం 1,100 అవుతుంది. పైగా విమానమూ గీత గీసినట్టు పోదు. గాలికి ఎదురుగా లేస్తుంది, నిర్ణీత మార్గాన్ని అనుసరిస్తుంది, ఉరుముల మేఘం ఎదురైతే చుట్టుతిరుగుతుంది. కనుక విమానం ఎక్కినా మనకు కలిసివచ్చేది కాలమే గాని, దూరం వంద కిలోమీటర్లకు మించి తగ్గదు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆదిలాబాద్ నుంచి శ్రీకాకుళానికి కొలుద్దాం. ఆ రెండింటి నడుమ సూటి దూరం సుమారు 585 కిలోమీటర్లే. ప్రాణహిత, ఇంద్రావతి, బస్తర్ అడవులు మధ్యలో ఉండటం వల్ల, హైదరాబాద్, విజయవాడ మీదుగా చుట్టివస్తే వెయ్యి దాటుతుంది. దారం ఉండ పెద్దది కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య