పారాణి పరీక్ష: కొత్త బండికి మొదటి కడుగు, మొదటి వ్యాక్స్

"కాణిపాకంలో కొత్త కారుకు పూజ చేయించాం. తెల్ల బానెట్ మీద పెట్టిన పసుపు బొట్లు రెండు రోజుల తర్వాత గిన్నెల సబ్బుతో తోమితే పోలేదు సరికదా, ఎర్రగా మారాయి. పెయింట్ పాడైందా? వ్యాక్స్ ఎన్నాళ్లు ఆగి వేయించాలి?" చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఇలాంటిది అలిపిరి దగ్గర పూజ చేయించుకున్న ప్రతి తెల్ల బండికీ ఎదురయ్యేదే.

పెయింట్ పాడవలేదు. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. పసుపులో కాస్త సున్నం కలుపుతారు, చూస్తుండగానే ముద్ద ఎర్రబడుతుంది. మీ బానెట్ మీద తయారైంది పారాణే. సున్నం చేసే పని సబ్బు చేసింది. సాంబారు ఒలికిన చొక్కాకు సబ్బు రుద్దగానే మరక ఎర్రబడి, జాడించి ఆరేశాక మళ్లీ పసుపు రంగుకు రావడం ఇంట్లో అందరూ చూసిందే.

దీని వెనకున్నది కుర్కుమిన్. మంచి పసుపులో ఇది సుమారు 3 శాతం ఉంటుంది, రంగు ముఖ్యంగా దానిదే. రెండు చివర్లా రెండు ఫీనాల్ వలయాలు, వాటిని కలుపుతూ ఏడు కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో ఒంటి బంధం, జంట బంధం మార్చి మార్చి వస్తాయి కాబట్టి ఎలక్ట్రాన్లు అణువు పొడవునా పరుచుకుని ఉంటాయి. అవి దాదాపు 425 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని మింగేస్తాయి. మిగిలిన కాంతి మన కంటికి పసుపు. సున్నం, సబ్బు లాంటి క్షారం తగిలితే ఫీనాల్ తన హైడ్రోజన్ అయాన్‌ను వదిలేస్తుంది, ఎలక్ట్రాన్లు ఇంకా వదులవుతాయి, మింగే కాంతి ఆకుపచ్చ వైపు జరుగుతుంది, కంటికి ఎరుపు మిగులుతుంది. ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత పీహెచ్, 7 కన్నా ఎక్కువైతే క్షారం. ఈ మార్పు పీహెచ్ 7.4 నుంచి 8.6 లోపు జరిగిపోతుంది.

ఆ అంకెలే మనకు కావలసినవి. బండి కడిగే షాంపూ తటస్థంగా, అంటే పీహెచ్ 7 దగ్గర ఉండాలి. డబ్బా మీద ఏం రాసినా, ఇంట్లో తేల్చుకునే మార్గం పసుపే. చెంచా నీళ్లలో చిటికెడు పసుపు కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. షాంపూను వాడే పాళ్లలోనే నీళ్లలో కలిపి, ఒక చుక్క దాని మీద వేయండి. పసుపుగానే ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. ఎర్రబడితే ఆ షాంపూ బండికి వద్దు. బట్టల పొడి, బట్టల సబ్బు పడితే కాగితం కళ్లముందే ఎర్రబడుతుంది. అవి ఉన్న వ్యాక్స్‌ను ఊడ్చేస్తాయి, అల్యూమినియం భాగాల మెరుపునూ మందగిస్తాయి. వాటర్ సర్వీస్ షెడ్డులో వాడే నురగనూ ఈ కాగితంతోనే చూడవచ్చు.

ఈ పరీక్షకు రెండు పరిమితులున్నాయి. ఆమ్లాన్ని పసుపు పట్టివ్వదు, ఆమ్లంలోనూ అది పసుపే. చక్రాలు తోమే ఘాటైన ఆమ్ల ద్రావణం కూడా ఇందులో నెగ్గేస్తుంది. రెండోది, పూజ పొట్లంలో ఉన్నది నిజమైన పసుపు కాకపోవచ్చు. రంగు కలిపిన పిండి సున్నానికి ఎర్రబడదు. కాబట్టి ముందు కాస్త తాంబూలం సున్నం కలిపి చూడండి. ఎర్రబడని పసుపు పరీక్షకూ పనికిరాదు, బండి మీద పెట్టడానికీ పనికిరాదు, ఎందుకంటే ఆ కృత్రిమ రంగు ఎండకు అంత తేలిగ్గా పోదు. బడిలో పిల్లలంతా పసుపు కాగితాన్ని సూచికగా నేర్చుకుంటారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ కాగితాన్నే ఇంట్లో సబ్బు మీద, షాంపూ మీద, బోరు నీళ్ల మీద వాళ్ల చేత పెట్టిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు మరక సంగతి. కుర్కుమిన్ మామూలు నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. ఎండిన బొట్టును గోరుతో గీకకండి. తడిగుడ్డ ఐదు పది నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక నీళ్లతో దించేయండి. మిగిలిన పసుపు మరకకు మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమంగా నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డకు తడిచేసి అర నిమిషం అద్ది తుడవండి. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం ముట్టుకోవద్దు. నల్ల ప్లాస్టిక్ అంచుల్లో, రబ్బరు బీడింగులో ఇంకిన పసుపు దీనికీ లొంగకపోతే ఎండకు వదిలేయండి. కాంతికి ఆ గొలుసు తెగి రంగు దానంతటదే వెలిసిపోతుంది. దండెం మీది చొక్కాకు జరిగేది ఇదే. "పూజ పసుపు తుడవకూడదు, దానంతటదే పోవాలి" అని పెద్దలు అనే మాటకు ఇక్కడ రసాయన శాస్త్రం కూడా తోడు వస్తుంది. "నలభై రోజులు కడగకూడదు" అనే మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. ఆ నలభై రోజులూ పేరుకునే దుమ్మే అసలు శత్రువు.

తిరుపతికి గోడలా నిలబడ్డ శేషాచలం కొండ క్వార్ట్‌జైట్, దాని కింద గ్రానైట్. రెండు రాళ్లలోనూ క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం ఉంది, ఇక్కడి దుమ్ములోనూ అదే. కాఠిన్యపు కొలతలో క్వార్ట్జ్ 7, కిటికీ గాజు 5.5. బండి పెయింట్ మీది పారదర్శకమైన క్లియర్‌కోట్ ప్లాస్టిక్ లాంటిది, మందం 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా సన్నం. పొడిగుడ్డతో దుమ్ము తుడవడమంటే ఆ ప్లాస్టిక్‌ను ఉప్పుకాగితంతో రుద్దడమే. నల్ల బండి మీద ఎండలో సాలెగూడులా కనిపించే గీతలన్నీ ఈ తుడుపు పుణ్యమే.

అందుకే మొదటి కడుగు నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే చేయాలి. దండలు, దారాలు విప్పేయండి. టైర్ల కింద నలిగిన నిమ్మరసం డోర్ల అడుగున చింది ఉంటే ముందు అది కడగండి, దాని పీహెచ్ 2 దాకా ఉంటుంది. తర్వాత బండంతా ధారగా నీళ్లు పోయండి. ఇసుక సగం ఇక్కడే పోవాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో పది లీటర్లకు డబ్బా చెప్పిన పాళ్లలో షాంపూ, రెండో దానిలో వట్టి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌ను ప్రతి ప్యానెల్‌కూ ఒకసారి వట్టి నీళ్లలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి, నిలువు చారల్లా లాగాలి, గుండ్రంగా తిప్పకూడదు. చక్రాలు చివర్లో, వేరే గుడ్డతో. మోటార్ సైకిల్ అయితే సైలెన్సర్ మూతికి, తాళం సందుకు నేరుగా ధార కొట్టకండి.

బోరు నీళ్లను బండి మీద ఎండనివ్వకూడదు. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ ఆరగానే కాల్షియం కార్బనేట్‌గా తేలుతుంది, తెల్ల మచ్చలవి. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్ది ఎత్తండి.

ఇక వ్యాక్స్. కొత్త బండికి నెలల తరబడి ఆగాలనే మాట షెడ్డులో గాలికి ఆరే రంగుల కాలం నాటిది. ఫ్యాక్టరీలో పెయింట్‌ను దాదాపు 140 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు, షోరూం నుంచి వచ్చే సరికే అది గట్టిపడి ఉంటుంది. మొదటి రోజే వ్యాక్స్ వేయవచ్చు. షెడ్డులో మళ్లీ రంగు వేసిన బంపరైతేనే ఒకటి రెండు నెలలు ఆగాలి, లోపలి ద్రావకాలు బయటికి పోవాలి కాబట్టి.

కార్నౌబా వ్యాక్స్ ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద పూసినట్టు ఉండే మైనం. ఎండల్లో ఆకులోని నీరు ఆవిరి కాకుండా కాపాడుకోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటది. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెమైనం 62, 64 దగ్గరే కరుగుతుంది కాబట్టి మన మే నెల ఎండలో బానెట్ మీద నిలిచేది కార్నౌబానే. ఒక్కో ప్యానెల్‌కు వేలి కొసంత చాలు. పలచగా పూసి, డబ్బా చెప్పినంతసేపు ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ నిలవదు, తుడుపు మాత్రం పెరుగుతుంది. నల్ల ప్లాస్టిక్‌కు తగిలితే తెల్లచారలు మిగులుతాయి. బ్రేక్ డిస్క్‌కు తగలనే కూడదు. మ్యాట్ రంగు బండికి మెరుపు వ్యాక్స్ వద్దు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు ఇది: వ్యాక్స్ పూజ తర్వాత కాదు, పూజకు ముందే వేయించండి. అప్పుడు బొట్టు క్లియర్‌కోట్‌కు బదులు మైనం మీద పడుతుంది, తర్వాతి కడుగులో చాలావరకు దిగిపోతుంది. ఇంకా మంచిది కావాలంటే బొట్లు అద్దం అంచున పెట్టించండి. గాజులోకి కుర్కుమిన్ ఇంకదు. మీ కారుకు ఇప్పుడు ముందు కడిగి, మిగిలిన మరకను ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, ఆ తర్వాత వ్యాక్స్ వేయండి. నీళ్లు చల్లితే బొట్లుగా నిలవకుండా పరుచుకోవడం మొదలైందంటే మైనం అయిపోయినట్టే. నవంబరు వానలు పట్టుకునేలోగా ఇంకో పూత వేయండి.