‘ఆ కాలనీ వాళ్లదే’ అనే ముందు: పాలమూరు ఓటరు గురించి అపోహలు - వాస్తవాలు

ఎన్నికల ముందు ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయడం పదేళ్లకు పైగా నా పని. మహబూబ్‌నగర్ టౌన్‌లో ఏ చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది: "ఆ కాలనీ వాళ్లదే, అటు పోయి లాభం లేదు." అంటే అక్కడి ఓట్లన్నీ అవతలి పార్టీవే అని. ఈ మాట వల్ల కొన్ని గల్లీలకు ఎంత అన్యాయం జరుగుతుందో దగ్గరగా చూశాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఒక ఏరియా ఎప్పటికీ ఒకే పార్టీది.

వాస్తవం: 2023 నవంబర్ ఎన్నికల్లో మహబూబ్‌నగర్ లోక్‌సభ పరిధిలోని 7 అసెంబ్లీ సీట్లూ కాంగ్రెస్‌కే వచ్చాయి. ఆరు నెలలు తిరగకముందే, 2024 మేలో, ఇదే జనం బీజేపీ అభ్యర్థి డీకే అరుణను ఎంపీగా గెలిపించారు. మెజారిటీ దాదాపు 4,500 ఓట్లు. మహబూబ్‌నగర్ టౌన్ అసెంబ్లీ సీటు సంగతీ అంతే. 2012 ఉప ఎన్నికలో యెన్నం శ్రీనివాస్ రెడ్డి బీజేపీ నుంచి గెలిచారు. 2014, 2018లో టీఆర్‌ఎస్ నుంచి శ్రీనివాస్ గౌడ్ గెలిచారు. 2023లో మళ్లీ యెన్నమే, ఈసారి కాంగ్రెస్ నుంచి. వార్డు ఎన్నికలైతే ఇంకో లెక్క. నల్లా రాకపోతే, మోరీ నిండితే ఫోన్ ఎత్తే మనిషెవరో చూసి ఓటేస్తారు.

అపోహ: ఓటరు లిస్టులో కులం, మతం ఉంటాయి.

వాస్తవం: ఉండవు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఆడా మగా, కార్డు నంబరు, అంతే. పార్టీల దగ్గరుండే కులాల లెక్క ఇంటిపేర్లు చూసి, బూత్ కార్యకర్తలను అడిగి రాసుకున్న అంచనా మాత్రమే.

అపోహ: ఉద్యోగుల కాలనీల్లో చదువుకున్నవాళ్లే ఓటుకు రారు.

వాస్తవం: ఈ నింద విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎన్నికల డ్యూటీలో ఉన్న టీచర్లు, ఉద్యోగుల్లో చాలామంది పోస్టల్ బ్యాలెట్ వేస్తారు. ఆ ఓటు వాళ్ల కాలనీ బూత్ మిషన్‌లో కనపడదు. ఇక లిస్టు సంగతి. ఇల్లు మారితే ఫారం 8, మనిషి చనిపోతే ఫారం 7 ఇవ్వాలి. చాలా ఇళ్లలో ఇవ్వరు. ఉదాహరణకు ఒక బూత్‌లో 1,000 పేర్లున్నాయనుకుందాం. అందులో 150 మంది చనిపోయినవాళ్లు, వేరే ఊరికి వెళ్లిపోయినవాళ్లు. 510 మంది ఓటేస్తే కాగితం మీద 51 శాతం. నిజంగా అక్కడున్న 850 మందిలో చూస్తే అది 60 శాతం. కిరాయికి ఉండేవాళ్లలో చాలామంది ఓటు సొంతూర్లోనే ఉంటుంది. పోలింగ్ రోజు పొద్దున్నే బస్టాండ్‌కు వెళ్తే నారాయణపేట, మక్తల్ బస్సుల్లో వాళ్లే కనిపిస్తారు. ఇంకోవైపు ముంబై, పుణె వలస వెళ్లిన మన కూలీల పేర్లు ఇక్కడుంటాయి, మనుషులు అక్కడుంటారు. గల్లీలో ఉండేవాళ్లు వేరు, లిస్టులో ఉండేవాళ్లు వేరు. ఇది తెలియకుండా ఏ కాలనీ గురించి చెప్పినా తప్పే అవుతుంది.

అపోహ: బస్తీ ఓట్లు, ముస్లింల ఓట్లు గంపగుత్తగా పడతాయి.

వాస్తవం: కౌంటింగ్ తర్వాత బూత్‌ల వారీ లెక్క ఫారం 20లో వస్తుంది. నేను చూసిన పట్టికల్లో ఓట్లన్నీ ఒకే గుర్తుకు పడ్డ బూత్ ఒక్కటీ లేదు. పైగా ఆ కాగితం బూత్ మొత్తం చెబుతుంది గానీ ఏ ఇల్లు ఎటు వేసిందో చెప్పదు. ఒకే ఇంట్లో తండ్రి పింఛన్ గురించి, కొడుకు ఉద్యోగం గురించి మాట్లాడతారు. భర్త పక్కనుంటే ఆయన ముఖం చూసి జవాబు చెప్పే ఆడవాళ్లుంటారు. ఆ జవాబు పక్కన నేను ఒక గుర్తు పెట్టుకుంటాను. కుదిరితే వాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు మళ్లీ వెళ్లి అడుగుతాను.

మొన్నటి ఎన్నికల ముందు ఒక బస్తీ చివరి గల్లీలో ఒక పెద్దమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టింది. అప్పటిదాకా ఆ గల్లీకి ఏ పార్టీ వాళ్లూ రాలేదట.

"మేం అవతలోళ్లమని రాసుకున్నరంట బిడ్డా. నేనింకా ఎవరికెయ్యాల్నో అనుకోనే లేదు."