రాబిన్ విలియమ్స్ నవ్వు ముసుగు కాదు: డిప్రెషన్, ఆత్మహత్యల గురించి కొన్ని అపోహలు

2014 ఆగస్టు 11న హాలీవుడ్ హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ కాలిఫోర్నియాలోని తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 63. నేను సైకియాట్రిస్టుని, ఇలాంటి వార్తలకు అలవాటు పడిపోయాననే అనుకునేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం ఆయన పాత ఇంటర్వ్యూలు పెట్టుకుని, నవ్వొచ్చిన చోట నవ్వలేక, ఆపేయబుద్ధీ కాక చాలాసేపు కూర్చున్నాను.

ఆ వారం క్లినిక్‌కి వచ్చినవాళ్లు తమ సంగతి చెప్పేముందు ఆయన సంగతే ఎత్తారు. ఏళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్న ఒకాయన "అంతమందిని నవ్వించిన మనిషే తట్టుకోలేకపోయాడు, ఇక నేనెంత డాక్టర్‌గారూ?" అన్నారు. నేనేదో సర్దిచెప్పి పంపాను. సరిగ్గా చెప్పలేదని అప్పుడే తెలుసు. అప్పటినుంచి మళ్లీ మళ్లీ వింటున్న మాటలు, నేనే నోరుజారి అన్న ఒకటి రెండు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నవ్వించేవాళ్లంతా లోపల ఏడుస్తూనే ఉంటారు, ఆ నవ్వొక ముసుగు

ఈ మాట రాబిన్ విలియమ్స్ కంటే చాలా పాతది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో జోసెఫ్ గ్రిమాల్డి అని పేరుమోసిన విదూషకుడు ఉండేవాడు. ఆయన మీద ఒక కథ చెప్పుకుంటారు. దిగులుతో నలిగిపోతున్న ఒక మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్తే, "గ్రిమాల్డి ఆట చూడండి, అదే మీకు మందు" అన్నాడట. "ఆ గ్రిమాల్డిని నేనే" అన్నాడట ఆ పేషెంటు. ఈ కథ విని అందరూ విదూషకుడి మీద జాలిపడతారు. నాకైతే ఆ డాక్టరు మీద కోపం వస్తుంది. నిద్ర పడుతోందా అని అడగలేదు, ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని అడగలేదు, వెళ్లి నవ్వుకోమని పంపేశాడు!

2014 జనవరిలోనే 523 మంది కమెడియన్ల మీద ఒక పరిశోధన అచ్చయింది. ఆలోచన ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి గెంతడం, మనుషులకు దూరంగా ఉండాలనిపించడం, అదుపు లేకుండా ప్రవర్తించడం లాంటి లక్షణాలు వాళ్లలో మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపించాయి. అవి స్వభావాలు, జబ్బులు కావు. "కమెడియన్లందరికీ మానసిక వ్యాధి" అని దాన్ని తిప్పి చెప్పడం హెడ్డింగులు పెట్టేవాళ్ల పని.

1995లో గుర్రం మీంచి పడి, మెడ కిందనుంచి శరీరం చచ్చుబడిన మిత్రుడు, 'సూపర్‌మ్యాన్' నటుడు క్రిస్టొఫర్ రీవ్‌ని చూడ్డానికి రాబిన్ విలియమ్స్ వెళ్లారు. డాక్టర్ వేషం వేసుకుని, రష్యన్ యాసలో వాగుతూ ఆస్పత్రి గదిలోకి దూరారు. ప్రమాదం తర్వాత తాను మొదటిసారి నవ్వింది అప్పుడేనని రీవ్ తర్వాత రాసుకున్నారు. దాన్ని ముసుగు అని ఎలా అంటాం? అది ఆ మనిషి పనితనం, స్నేహం.

ముసుగు అనే మాటవల్ల ఎక్కువ నష్టపోయేది వెనక మిగిలినవాళ్లు. "ముందురోజు కూడా జోకులేశాడండీ, అంటే మమ్మల్నందర్నీ మోసం చేశాడా?" అని తమ్ముణ్ణి ఇలాగే పోగొట్టుకున్న ఒక అక్క నన్ను అడిగింది. లేదమ్మా. డిప్రెషన్‌లో ఉన్న మనిషి పొద్దున మంచం దిగలేకపోవచ్చు, సాయంత్రం స్నేహితుడి మాటకు పగలబడి నవ్వనూవచ్చు. రెండూ నిజమే. నవ్వాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకోవడం ఎంత తప్పో, ఆ నవ్వు అబద్ధమనుకోవడమూ అంతే తప్పు.

అపోహ: ఎందుకు చనిపోయాడో ఒక్క ముక్కలో చెప్పొచ్చు

ఇక్కడ నా తప్పుంది. ఆ ఆగస్టులో అడిగినవాళ్లందరికీ "డిప్రెషన్" అని ధీమాగా చెప్పాను. ఆయనకు డిప్రెషన్ ఉన్నమాట నిజమే. మద్యం, కొకైన్‌లతో పడ్డ అవస్థ గురించి ఆయనే స్టేజి మీద చెప్పుకునేవారు. పత్రికలు ఒకరోజు డబ్బు ఇబ్బందులన్నాయి, ఇంకోరోజు ఆగిపోయిన టీవీ షో అన్నాయి. మూడు రోజులకు ఆయన భార్య సుసాన్, ఆయనకు పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు తొలిదశలో ఉందని బయటపెట్టారు. నవంబరులో పోస్టుమార్టం నివేదిక వచ్చింది. మద్యంగానీ, నిషేధిత మత్తుపదార్థాలుగానీ శరీరంలో లేవు. మెదడులో మాత్రం లూయీ బాడీ డిమెన్షియా అనే జబ్బు తాలూకు ఆనవాళ్లు నిండా ఉన్నాయి. బతికుండగా ఆ జబ్బు పేరు ఆయనకు తెలియనే లేదు.

ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెదడు కణాల్లో ఉండలు కట్టి పేరుకుంటుంది. డిమెన్షియా అనగానే మనకు మతిమరుపే గుర్తొస్తుంది. ఇందులో నిద్ర, నడక, వాసన తెలియడం, మూడ్ అన్నీ దెబ్బతింటాయి. లేనివి కనిపిస్తాయి. పైగా రోజంతా ఒకేలా ఉండదు, కాసేపు మామూలుగా, కాసేపు అయోమయంగా ఉంటుంది. ఆందోళన, డిప్రెషన్ దీని తొలి లక్షణాలుగానే రావొచ్చు.

2016లో సుసాన్ 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో తన భర్త చివరి నెలల గురించి ఒక వ్యాసం రాశారు. మా వృత్తిలో ఉన్నవాళ్లంతా చదవాల్సిన వ్యాసం. 2014 ఏప్రిల్‌లో వాంకూవర్‌లో షూటింగ్ జరుగుతుంటే ఆయనకు ఒక్క డైలాగు గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. మూడేళ్ల ముందు ఇదే మనిషి బ్రాడ్‌వే నాటకంలో వందల లైన్లు తడబడకుండా చెప్పారు. తన మెదడుని రీబూట్ చేసుకుంటే బాగుండునని ఆమెతో అంటూ ఉండేవారట. ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంది, అదేంటో తెలియట్లేదు.

ఇప్పుడు కొంతమంది "అయితే డిప్రెషన్ కాదన్నమాట, డిమెన్షియా అన్నమాట" అని తేల్చేస్తున్నారు. ఇదీ మళ్లీ ఒక్క ముక్క కథే. ఆ జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఆత్మహత్య చేసుకోరు. డిప్రెషన్ ఉన్నవాళ్లూ అంతే. జబ్బు, నిద్రలేమి, భయం, గతం, ఆ రోజు ఆ గంటలో ఎవరున్నారు, ఏం అందుబాటులో ఉంది, ఇవన్నీ ఒకచోట కలుస్తాయి. అందుకే "పరీక్ష పోయిందని", "ప్రేమ విఫలమైందని" అనే వార్తలు చూస్తే నాకు చిరాకు. పరీక్ష పోయిన ప్రతివాడికీ అదొక దారి చూపించినట్టవుతుంది.

దీన్నుంచి నా పనిలో మారింది ఒకటుంది. యాభై దాటాక మొదటిసారి ఆందోళనో డిప్రెషనో వచ్చిందంటే, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులు కాళ్లు విసురుతున్నారా, వాసన తగ్గిందా, చెయ్యి వణుకుతోందా, మలబద్ధకం కొత్తగా మొదలైందా అని కూడా అడుగుతున్నాను. అవసరమైతే న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతున్నాను.

అపోహ: అన్నీ ఉన్నవాడికి డిప్రెషనేంటి? అది పిరికితనం

ఆయన చనిపోయిన రాత్రే ఒక అమెరికన్ టీవీ యాంకర్ లైవ్‌లో పిరికివాడు అన్న మాట వాడి, తర్వాత క్షమాపణ చెప్పాడు. దీని గురించి ఎక్కువ రాయాలని లేదు. ఆస్కార్ ఉన్నంతమాత్రాన షుగర్ రాకుండా ఆగుతుందా? రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత చెడటం, నేను ఎందుకూ పనికిరాననిపించడం, ఇవి జబ్బు లక్షణాలు. "నీకేం తక్కువ?" అనే ప్రశ్నకు పేషెంటు దగ్గర జవాబుండదు. తన దగ్గర జవాబు లేదన్నదే ఇంకో అపరాధభావం అవుతుంది.

అపోహ: చావు మాట మనమే ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టే

అన్నింటికంటే ఎక్కువమంది నమ్మే అపోహ ఇదే, చదువుకున్న డాక్టర్లు కూడా నమ్ముతారు. ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2014లోనే వచ్చింది. అడగడంవల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్టు అందులో ఎక్కడా తేలలేదు. కొందరిలో తగ్గే అవకాశమే కనిపించింది.

అసలు చిక్కు అడగడంలో ఉంది. మనవాళ్లు ఇలా అడుగుతారు: "పిచ్చిపిచ్చి ఆలోచనలేమీ రావట్లేదు కదా?" ఈ ప్రశ్నలోనే జవాబుంది. 'లేదు' అనమని బతిమాలుతున్నట్టు ఉంటుంది. వస్తున్నాయంటే పిచ్చివాణ్ణని ఒప్పుకున్నట్టు. అందుకే అవతలి మనిషి "అబ్బే, అదేం లేదు" అంటాడు, మనం ఊపిరి పీల్చుకుంటాం.

సూటిగా అడగండి. "చాలా బాధలో ఉన్నట్టున్నావు. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అనండి చాలు. అవునంటే కంగారుపడి ఉపన్యాసం మొదలుపెట్టొద్దు. "నీ పిల్లల మొహం చూడు", "దేవుడున్నాడు" లాంటివి అప్పుడొద్దు. ఎప్పటినుంచి, ఎంత తరచుగా, ఎలా అన్నదాకా ఆలోచన వెళ్లిందా అని అడిగి వినండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. నేను కొత్తలో ఒక అబ్బాయికి అలా మాటిచ్చి, రెండో రోజే తప్పాల్సి వచ్చింది. కోపంతో నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వచ్చాడు.

అపోహ: చావాలని నిర్ణయించుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరు

కాలిఫోర్నియాలోనే 1978లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. ఆత్మహత్యా ప్రయత్నంలో చివరి నిమిషంలో ఇతరులు ఆపిన 515 మంది ఏళ్ల తర్వాత ఏమయ్యారో అందులో చూశారు. నూటికి 94 మంది బతికే ఉన్నారు, లేదా సహజంగానే పోయారు. చావాలన్న కోరిక ఉప్పెనలా లేచి, చాలామందిలో కొన్ని గంటల్లో, కొన్నిసార్లు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ కాసేపు మనిషిని ఒంటరిగా వదలకపోవడం, ప్రాణం తీసే వస్తువులేవీ చేతికందకుండా చేయడం, ఈ రెండూ చాలాసార్లు నా మందులకంటే ముందు పనిచేస్తాయి.

అందర్నీ ఆపగలమని నేననను. ఎంత ప్రేమగా చూసుకున్నా పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. వాళ్లతో "మీరు కాస్త గమనించి ఉంటే" అనేవాళ్లు దయచేసి నోరు కట్టుకోండి.

అపోహ: పోయి సుఖపడ్డాడు, విముక్తి దొరికింది

'అల్లాదీన్' కార్టూన్ సినిమాలో భూతానికి గొంతిచ్చింది రాబిన్ విలియమ్స్. ఆయన పోయిన రాత్రి ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఆ సినిమాలోని బొమ్మ పెట్టి, భూతమా, నీకు విడుదల దొరికింది అన్న అర్థం వచ్చే ట్వీట్ చేసింది. లక్షలమంది పంచుకున్నారు. ప్రేమతోనే పెట్టారు, సందేహం లేదు. ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్లు మాత్రం వెంటనే అభ్యంతరం చెప్పారు. నొప్పిలో ఉన్న మనిషి కళ్లకు చావు విడుదలగా కనిపించడమే ఆ జబ్బు చేసే మాయ. ఆ మాయకు మనం అందమైన బొమ్మ తోడిస్తే ఎలా?

ఇది చాదస్తం కాదు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం ఆ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అమెరికాలో ఆత్మహత్యలు మామూలు అంచనా కంటే దాదాపు 10 శాతం పెరిగాయి. 1,841 మంది ఎక్కువ. ఒక ప్రముఖుడి మరణం తర్వాత ఇలా జరగడాన్ని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త వెర్తర్ ప్రభావం అన్నాడు. జర్మన్ రచయిత గథే నవలలో ఆత్మహత్య చేసుకునే నాయకుడి పేరది. దీనికి ఎదురు ప్రభావం కూడా ఉంది. కష్టంలోంచి గట్టెక్కినవాళ్ల కథలు చెప్తే ఆత్మహత్యలు తగ్గడమూ గమనించారు. ఆయన పోయిన మర్నాడు అమెరికా జాతీయ హెల్ప్‌లైన్‌కి కాల్స్ దాదాపు రెట్టింపయ్యాయని ఎక్కువమందికి తెలియదు. వాళ్లు ఆ వార్త చూసి సాయం కోసం ఫోన్ చేసినవాళ్లు.

కాబట్టి అభిమాన నటుడు పోతే ఏడవండి, సినిమాలు మళ్లీ చూడండి, ఆయన జోకులు పంచుకోండి. ఎలా చనిపోయారన్న వివరాలు మాత్రం పంచుకోకండి.

మందుల గురించి రెండు ముక్కలు

డిప్రెషన్ మందులు మత్తుమందులు కావు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సైడ్ ఎఫెక్టులు మాత్రం మొదటి వారమే వచ్చేస్తాయి. అక్కడే చాలామంది మానేస్తారు. మానేముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. 25 ఏళ్లలోపువాళ్లలో మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు దగ్గరగా కనిపెట్టి ఉండాలి. కౌన్సెలింగ్ పనిచేస్తుంది, మందులూ పనిచేస్తాయి, చాలామందికి రెండూ కలిపితే ఇంకా బాగా పనిచేస్తాయి.

అమెరికాలో ఉన్నవాళ్లు 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. 2022 జులై నుంచి ఈ నంబరు పనిచేస్తోంది. భారతదేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే నేరుగా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈ నంబర్లకు బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు. "మా తమ్ముడు ఇలా అంటున్నాడు, నాకేం చెయ్యాలో తెలియట్లేదు" అని మీరూ చేయొచ్చు.