అంగన్వాడీ ఉందిగా, క్రెష్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి పనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం క్రెష్, అంటే తల్లి పనికెళ్తే పగలంతా పిల్లల్ని చూసుకునే చోటు, పెట్టించే పనిలో ఉన్నాను. ఏ ఊళ్లో కూర్చున్నా ముందు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: అంగన్వాడీ ఉండగా మళ్లీ క్రెష్ దేనికి?

వాస్తవం: అంగన్వాడీలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకంటే చిన్నవాళ్లకు పోషకాహారం ఇంటికిస్తారు, తూకం చూస్తారు. రోజంతా చూసుకునే ఏర్పాటు మామూలు కేంద్రంలో ఉండదు. తల్లికి అసలు కష్టం ఆ వయసు పిల్లలతోనే. మహిళల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ శక్తిలోని ‘పాల్నా’ పథకం కింద అంగన్వాడీలోనే క్రెష్ నడపొచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు, కేంద్రానికి 25 మంది దాకా, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు.

అపోహ: ఇంట్లో నాయనమ్మ చూసుకుంటుంది.

వాస్తవం: ఊడుపులొస్తే ఆ నాయనమ్మా కూలికి పోతుంది. అప్పుడు చంటిదాన్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయేది పెద్దపిల్ల. ఆ నెలల్లో ఎవరు బడికి రావట్లేదో టీచర్ని అడగండి. క్రెష్ అడుగుతున్నది ఆ పిల్ల చదువు కోసం కూడా.

అపోహ: పక్కనే కూర్చోబెట్టుకుని పని చేసుకోవచ్చు.

వాస్తవం: జీడి పిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పాకే బిడ్డ ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. దయచేసి ఆ షెడ్లలోకి పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

అపోహ: ప్రభుత్వం పెడితే చూద్దాం, మనవల్ల ఏమవుతుంది?

వాస్తవం: అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఏ వీధిలో ఎంతమంది చిన్నపిల్లలున్నారు, తల్లులు ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వస్తారు? డ్వాక్రా సంఘం మీటింగులో ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. వేళలు మాత్రం తల్లులే చెప్పాలి. తెల్లారి ఆరింటికి బయల్దేరే ఆమెకు పదింటికి తెరిచే క్రెష్ ఎందుకూ పనికిరాదు. గాలి, వెలుతురు, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న గది చూసుకుని, గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ కాగితం అంగన్వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కి, ఆమె పై అధికారి సీడీపీఓకి ఇవ్వండి.

అపోహ: ఇంటిపట్టున ఉండే ఎవరో ఒకామె ఊరికే చూసుకుంటుంది.

వాస్తవం: చంటిపిల్లల్ని చూడడం కూడా ఒళ్లు అలిసే పనే. జీతం లేకపోతే కొన్నాళ్లకు ఆమే జీడి పనికి పోతుంది, అందులో తప్పేముంది? పథకం డబ్బు ఆలస్యమైతే ఏం చేయాలో సంఘం ముందే అనుకోవాలి. గోడల మీద బొమ్మలు తర్వాత వేయించుకోవచ్చు, ముందు ఆమె జీతానికి డబ్బు తీసిపెట్టండి.