ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచుతో వానపాముల ఎరువు: అపోహలు, వాస్తవాలు

విశాఖ, భీమిలి వైపు రాతి ఒడ్డున అలలు తెచ్చిపడేసే నాచులో తరచూ దొరికేవి రెండు. పల్చటి ఆకుల్లా ఉండే పచ్చటి ఉల్వా ఒకటి, చిన్న చిన్న గాలి బుడగలతో గోధుమ రంగులో ఉండే సర్గాసం ఇంకొకటి. రెండూ ఎరువుకు పనికొస్తాయి. తొట్టెలో వానపాములు చచ్చిపోతే ముందుగా అనుమానించాల్సింది ఉప్పును, ఆ తర్వాత మన తొందరను.

అపోహ: ఎండబెడితే నాచులో ఉప్పు పోతుంది.

ఎండకు పోయేది నీరు మాత్రమే. పచ్చి నాచు బరువులో 80–90 శాతం నీరే. అది ఆవిరైపోతే ఉప్పంతా మిగిలిన కాస్త పదార్థంలోనే చిక్కబడుతుంది. వానపాము ఊపిరి పీల్చేది తడి చర్మంతో. చుట్టూ ఉప్పు పెరిగితే దాని ఒంట్లో నీరు బయటికి లాగేసుకుపోతుంది. మేతలో ఉప్పు అర శాతం దాటకుండా చూసుకోవాలి.

అందుకే ఇసుక దులిపి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించండి. తర్వాత ఒక రాత్రి బకెట్ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. మొక్కల మొదట్లో మాత్రం పోయకండి. అదేపనిగా కడగడమూ మంచిది కాదు. నాచులో మనకు కావలసిన పొటాషియం కూడా నీళ్లతో పోతుంది.

అపోహ: పచ్చి నాచు వేస్తే వానపాములే తినేస్తాయి.

వానపాముకు పళ్లుండవు. సూక్ష్మజీవులు మెత్తబరిచిన పదార్థాన్నే అది మింగుతుంది. పచ్చి ఉల్వా ఒకే మందాన పడితే జిగురుముద్దలా అతుక్కుపోయి గాలి ఆడదు. లోపల వేడి, అమ్మోనియా పుడతాయి. 35 డిగ్రీలు దాటితే పాములు బతకడం కష్టం.

గంపల లెక్కన తరిగిన నాచు ఒకటి, బాగా మాగిన పేడ రెండు, ఎండుటాకులు ఒకటి కలిపి నీడలో కుప్ప పోయండి. నాలుగైదు రోజులకోసారి తిరగేస్తూ 15–20 రోజులు ఉంచండి. చెయ్యి లోపలికి పెడితే వేడి తగలకూడదు.

అప్పుడు కూడా తొట్టె మొత్తాన్ని పణంగా పెట్టకండి. పిడికెడు మిశ్రమం చిన్న డబ్బాలో వేసి పది పాములను వదలండి. లోపలికి దూరి, మర్నాటికీ చురుగ్గా ఉంటే సరే. గోడలెక్కి పారిపోవాలని చూస్తే ఉప్పో వేడో ఇంకా ఉన్నట్టే. ఈ ఒక్క పరీక్ష మానకండి.

తొట్టె అడుగున మూడంగుళాల తడి కొబ్బరిపీచు, దాని మీద అడుగు ఎత్తు మిశ్రమం, చదరపు మీటరుకు కిలో పాములు, పైన తడి గోనె. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. పొలంలో తవ్వితే దొరికే ఎర్రలు దీనికి సరిపోవు. వాటిలో చాలావరకు మట్టిలో లోతుగా బతికేవి. ఎరువు తయారీకి పెంచే వానపాము రకాలైన ఐసీనియా ఫెటిడా గానీ యూడ్రిలస్ గానీ తెచ్చుకోండి. రెండు నెలల్లో ఎరువు చేతికొస్తుంది.

అపోహ: కంపు కొడుతోందంటే ఎరువు బాగా తయారవుతున్నట్టు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో కుళ్లిన ఉల్వా మేటలో 2009లో ఒక గుర్రం ఈ వాయువుకే చనిపోయింది. నాచును సంచిలో మూటకట్టి రోజుల తరబడి ఉంచొద్దు. కుప్ప వాసనొస్తే ఆరుబయటే తిరగేసి ఎండుటాకులు కలపండి.

అపోహ: ఇది వేస్తే ఇంకే ఎరువూ అక్కర్లేదు.

పొటాషియం, సూక్ష్మపోషకాలు బాగుంటాయి, భాస్వరం తక్కువ. కుండీ మట్టిలో పదో వంతు చాలు. బీన్స్, ఉల్లి ఉప్పుకు తట్టుకోలేవు, వాటికి ఇంకా తగ్గించండి. నారు ట్రేలలో అసలు వాడొద్దు. బీట్‌రూట్‌కు ఉప్పుతో ఆ ఇబ్బంది లేదు.

అపోహ: ఒడ్డున పడిందంతా చెత్తే, ఎంతైనా తెచ్చుకోవచ్చు.

పీతలకు, ఇసుకలోని చిన్న పురుగులకు, వాటిని ఏరుకునే పక్షులకు అదే తిండి. విడిగా పడిన దాంట్లో కొంతే తీసుకోండి, రాళ్ల మీద పెరిగేదాన్ని పీకకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, ఇసుకను తవ్వొద్దు. ఓడరేవు, మురుగు కాలువల దగ్గరి నాచు ముట్టకండి, భార లోహాలను పీల్చుకుని ఉంటుంది. సర్గాసం ఆర్సెనిక్‌ను కూడా పోగు చేసుకుంటుంది కాబట్టి దానితో చేసిన ఎరువును ఆకుకూరలకు కాకుండా పూలమొక్కలకు వాడండి.