చేతికి తెలియవలసిన విద్య

ఎవరైనా మన మణికట్టును గట్టిగా పట్టుకున్నప్పుడు ఆ పట్టులో అన్నిటికన్నా బలహీనమైన చోటు, వారి బొటనవేలు మిగతా వేళ్లను కలిసే సందు. ముంజేతిని తిప్పి, దాని సన్నని అంచును ఆ సందుకు ఎదురుగా తెచ్చి, మోచేతిని వంచుతూ ఒక్క ఊపున లాగితే మనకన్నా బలవంతుల పట్టు కూడా చాలాసార్లు విడిపోతుంది. ఈ ఆత్మరక్షణ కిటుకును చదివి గ్రహించడానికి ఒక నిమిషం చాలు. కానీ ఆపదలో చేయి తనంతట తాను తిరగడానికి ఆ గ్రహింపు చాలదు, ఎందుకంటే తెలుసుకున్న సంగతిని దాచుకొనే జ్ఞాపకం వేరు, చేసే పనిని దాచుకొనే జ్ఞాపకం వేరు.

ఈ తేడాను స్పష్టంగా చూపినవాడు హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ రోగి. మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో జరిగిన శస్త్రచికిత్సలో అతని మెదడు నుంచి, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని రెండు వైపులా తొలగించగా, ఆ తర్వాత జరిగిన సంగతులేవీ అతనికి గుర్తు నిలవలేదు. అయినా బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిలు నడిపించినప్పుడు, మూడు రోజుల్లో తప్పులు బాగా తగ్గాయి. అంతకు ముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి తెలియదు. మనసు మరచినదాన్ని చేయి నేర్చుకుంది. ఇలాంటి నేర్పులో మెదడు లోపలి భాగాలైన బేసల్ గాంగ్లియా, వెనుక ఉండే చిన్నమెదడు ముఖ్యపాత్ర వహిస్తాయి, వాటికి వివరణ కన్నా ఆవృత్తి అవసరం.

భయం కలిగినప్పుడు ఎడ్రినలిన్ పెరిగి, గుండె వేగం హెచ్చి, వేళ్లతో చేసే సున్నితమైన పనులు తడబడతాయి. ఎంచుకోవలసిన మార్గాలు పెరిగేకొద్దీ స్పందనకు పట్టే సమయం కూడా పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లో కొలిచి చూపారు. కనుక ఇరవై ఎత్తులను ఒక్కోసారి చూసిన వారికన్నా, మూడింటిని వందలసార్లు చేసినవారే ఆపదలో త్వరగా కదలగలరని నా నమ్మకం.

ఆ వందలసార్లూ ఒకే రోజున పూర్తిచేయడం వల్ల ప్రయోజనం తక్కువ. సాధనకూ సాధనకూ నడుమ విరామం, నిద్ర ఉంటే నేర్పు మరింత బాగా స్థిరపడుతుంది. వరుస మార్చి కలగలుపుగా చేతి కదలికలు సాధన చేసినవారు అప్పటికి తడబడినా, పది రోజుల తర్వాత పరీక్షిస్తే, ఒక్కో కదలికనే వరుసగా సాధన చేసినవారికన్నా మెరుగ్గా చేశారని 1979లో షియా, మోర్గాన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో తేలింది. 1882లో జిగొరో కానో స్థాపించిన జూడోలో, దెబ్బ తగలకుండా పడే 'ఉకెమి'ని ఏళ్ల తరబడి సాధన చేస్తారు; ఎదుటివారు ఏం చేస్తారో ముందుగా తెలియని 'రందోరి' పోరునూ అభ్యసిస్తారు.

మన ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణకు వీలుంది. అది మంచి ఆరంభం, అయితే నాలుగో నెల నుంచి ఏం జరుగుతుందన్నదే నన్ను కలవరపెట్టే విషయం. ఆటల పీరియడులో వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, ఏ చేయి పట్టుకుంటారో ముందుగా చెప్పకుండా జతలుగా సాధన చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పీరియడును లెక్కల పాఠానికి మళ్లించకుండా ఉంటే చాలు.